పద్నాలుగో స్తంభం దగ్గర పెద్దది

మార్చి 3, సోమవారం

ఈ నోటుబుక్కు తిరుపాలమ్మ కొనిచ్చింది. "ఇంట్లో నోరు తెరవవు. బయట తెరిస్తే తగువు. అదేందో దీంట్లో రాసుకో పో" అంది. ఇరవై ఆరేళ్ళ కాపురంలో భార్య మాట తోసేసిన రోజు ఒక్కటీ గుర్తు రావడం లేదు కాబట్టి రాస్తున్నాను.

నా పేరు నాకు తెలుసు. అయినా మొదటి పేజీ కదా. ఆదినారాయణ, లైన్‌మెన్, వేంపల్లె. కొండ కింద పల్లెలకు పోయే ఫీడరు నాది. ముప్పై ఏళ్ళుగా నాదే. ఆ లైనులో ఏ స్తంభం ఎటు వంగిందో, ఏ స్తంభం మీద కాకి గూడు పెట్టిందో కళ్ళు మూసుకుని చెప్తాను.

ఈ పెన్ను మంచిది కాదు. సన్నగా పడుతోంది.

మార్చి 6, గురువారం

పెద్ద గొడవ. నిన్న గాలికి తెగిన వైర్లు గుట్టకిందపల్లె దగ్గర నేనే కట్టాను. తెల్లారేసరికి ఊళ్ళో మోటర్లన్నీ ఉల్టా తిరిగాయి. రెండు వైర్లు ఒకదాని స్థానంలో ఒకటి పడ్డాయట. ఎరుపు పట్టీ ఉన్నది ఒకటి, పసుపు పట్టీ ఉన్నది ఒకటి. ఆ పట్టీల రంగు ఎండకు వెలిసిపోయి చచ్చింది, నేనేం చేసేది.

వివేక్ అందరి ముందూ నవ్వాడు. వాళ్ళ ఇల్లు పులివెందులలో. కొండ కింద ఇరవై ఎకరాల చీనీ బత్తాయి తోట ఉంది. "ఏం మామా, బోర్లో నీళ్ళు పైకి తోడమంటే బోర్లోకే తోస్తాండావే!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చి అన్నం తినలేదు.

మార్చి 11, మంగళవారం

పద్నాలుగో స్తంభం దగ్గర, వంక అవతల గట్టున, ఒక గుట్ట ఉంది. పొద్దున పోతూ చూశాను. బూడిద రంగు గుట్ట, పైన నున్నగా ఉంది. సాయంత్రం తిరిగొస్తుంటే లేదు.

ముప్పై ఏళ్ళుగా అక్కడ గుట్ట లేదు.

మార్చి 12, బుధవారం

గుట్ట లేదు.

మార్చి 14, శుక్రవారం

గుట్ట మళ్ళీ వచ్చింది. బండి ఆపి నిలబడ్డాను. ఉన్నట్టుండి పెద్ద నిట్టూర్పు వినపడింది, లారీ బ్రేకు గాలి వదిలినట్టు. తర్వాత గుట్ట పక్కకు జరిగింది. అడుగు చప్పుడు లేదు. ఒక కొమ్మ మాత్రం విరిగింది, నిదానంగా, ఎవరో కూర్చుని పళ్ళపుల్ల విరుచుకుంటున్నట్టు. అంత పెద్దది అంత మెల్లగా నడవడం నేనెప్పుడూ వినలేదు.

తిరుపాలమ్మకు చెప్పాను. ఆమె సద్దరొట్టె తడుతూ తల కూడా ఎత్తలేదు.

"గుట్ట నడిచిందా?"

"నడిచింది."

"ప్రొద్దుటూరు పోదాం. కండ్లు చూపిచ్చుకో."

ఏం చెప్పినా ఆమె అక్కడికే వస్తుంది. నా కళ్ళకేం కాలేదు. మధ్యాహ్నం పూట ఎండ తెల్లగా కమ్ముతుంది, అంతే. మార్చిలో కడప జిల్లాలో ఎండ కమ్మకపోతే మంచు కురుస్తుందా? పొద్దు వాలాక నాకు బాగానే కనపడుతుంది. మా నాయనకు ఊళ్ళో క్యాంపు పెట్టి ఆపరేషన్ చేశారు. ఆ కన్ను పోయింది. పదకొండేళ్ళు ఆయన చెయ్యి పట్టుకుని నడిపించింది నేను. నాకెవరూ చెప్పనక్కర్లేదు.

మార్చి 19, బుధవారం

మార్చి 20, గురువారం

నిన్నటి సంగతి రెండు పేజీల నిండా రాసేశాను. ఇక దాని గురించి మళ్ళీ రాయను, ఎవరికీ చెప్పను. చెబితే పిచ్చి అంటారు. లేదా కళ్ళు అంటారు.

ఒకటి మాత్రం నిజం. అది ఉంది. మంచిది.

పొద్దున తిరుపాలమ్మ పెన్ను తీసి గీసి చూసి, "దీంట్లో ఇంకు యాడుంది?" అని విసిరేసి కొత్తది ఇచ్చింది. ఇది లావుగా పడుతోంది, హాయిగా ఉంది.

మార్చి 22, శనివారం

నాకు నిద్ర పట్టని విషయం ఒకటి ఉంది. అది రాస్తాను.

వివేక్ తోట చుట్టూ బైండింగ్ వైరు చుట్టి ఉంది. పొద్దు మునగ్గానే మా లైను మీదికి కొక్కీ తగిలించి ఆ వైరులోకి కరెంటు వదులుతారు. అడవిపందుల కోసం. పొద్దున ఏ ఎనిమిదింటికో తీస్తారు. చట్టప్రకారం నేను ఆ కొక్కీ పీకి కేసు రాయించాలి. నాలుగేళ్ళుగా చూసీ చూడనట్టు పోతున్నాను. వాళ్ళ నాయన పెద్దమనిషి. ఇంట్లో శుభకార్యం అయితే ముందు మాకే చీనీకాయల మూట పంపేవాడు. పందులు చస్తే మనకేంలే అనుకున్నాను.

ఇప్పుడు అది ఆ పక్కే తిరుగుతోంది. తోటకూ వంకకూ మధ్య రెండు వందల గజాలు ఉంటుందేమో. పంది చచ్చే కరెంటుకు అదీ చస్తుంది. ఎంత పెద్దదైనా ఒక్క క్షణం. ముప్పై ఏళ్ళుగా కరెంటుతో బతికినవాణ్ణి, నాకు తెలుసు.

ఈ రోజు పులివెందుల పోయి వాళ్ళింటి ముందే వివేక్‌కు చెప్పాను. "కొన్నాళ్ళు ఆ వైరు తీసెయ్యప్పా. కొండ దిగి ఏదో పెద్ద జీవం వస్తాంది. దానికి తగిలితే పాపం."

"ఏం జీవం మామా?"

"పెద్దది."

"నీ కండ్లతో చూసినావా?"

నేను వంగి చెప్పు సరిచేసుకున్నాను.

"పోయిన యేడు పందులు పడి నాలుగెకరాల చెనక్కాయ ఒక్క రేత్రిలో తవ్విపోసినాయి. అప్పుడు యాడికి పోయింది నీ పెద్ద జీవం?" అని, నా ముఖం చూసి గొంతు తగ్గించాడు. "ముందు కండ్లు చూపిచ్చుకో మామా. మోటర్లు ఉల్టా తిప్పినప్పుడే అనుకున్నా."

వాడికి కూడా తెలిసిపోయింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఏడ్చాను. ఎండ కళ్ళలో పడిందని పక్కాయనకు చెప్పాను.

మార్చి 24, సోమవారం

పొద్దున్నే వంకలోకి దిగాను. మడుగు చుట్టూ తడి ఇసుక ఉంది. మోకాళ్ళ మీద కూర్చుని చేతులతో తడిమాను. నాకు కావాల్సింది దొరికింది. గుండ్రటి గుంట. అంచు నున్నగా, గంప బోర్లించి నొక్కినట్టు.

కొలుద్దామంటే చేతిలో ఏమీ లేదు. వైరు ముక్కలు బండిలో ఉన్నాయి, బండి రోడ్డు మీద ఉంది. ఎవరైనా వచ్చి తొక్కేస్తారేమోనని భయం వేసి మొలతాడు విప్పి ఆ గుంట అంచు చుట్టూ పెట్టాను. మూరెడు తక్కువైంది.

నా నడుము కంటే దాని పాదం మూరెడు ఎక్కువ. నవ్వొచ్చింది, ఒళ్ళు జలదరించింది. రెండూ ఒకేసారి.

తర్వాత పోయి వైరు ముక్క తెచ్చి సరిగ్గా కొలిచి, మొత్తానికి ముడి వేసుకుని వచ్చాను. ఇంట్లో టేపు పెడితే నాలుగు అడుగుల ఏడు అంగుళాలు. టేపు తిరుపాలమ్మే చూసి చెప్పింది. చెప్పి, మళ్ళీ ఒకసారి పెట్టి చూసింది. తర్వాత, "మొలతాడు యాడ పారేసుకొస్తివి?" అంది. వంక గట్టునే మర్చిపోయి వచ్చినట్టున్నాను.

మార్చి 26, బుధవారం

నయీం సాయిబు దగ్గరికి పోయాను. వేంపల్లెలో మా వెనక వీధి. చిత్తూరు అడవుల్లో ముప్పై మూడేళ్ళు వాచర్‌గా చేసి రిటైరయ్యాడు. ఉపవాసంలో ఉన్నాడు, అరుగు మీద వాలి తస్బీ పూసలు తిప్పుతున్నాడు. వైరు ముక్క చేతిలో పెట్టాను.

ఆయన దాన్ని గుండ్రంగా నేల మీద పెట్టి చూశాడు. చాలాసేపు చూశాడు.

"ముందరి కాలా, యెనక కాలా?"

"గుండ్రంగా ఉండాది."

"అయితే ముందరిది. యెనకది కోలగా ఉంటాది." వేళ్ళు మడిచి లెక్క వేశాడు. "ముందరి కాలి చుట్టుకొలతకు రెండింతలు దాని ఎత్తు ఆదినారాయణా. మా రేంజరు నేర్పిచ్చినాడు. ఎన్నిసార్లు చూసినా తప్పలే. ఇది తొమ్మిది అడుగుల పైన. మగది. ముసిలిది గానీ అయ్యుంటాది, ఒంటిగా తిరుగుతాందంటే."

"అంటే ఏంది సాయిబూ?"

"ఏంది అంటావేంది? ఏనుగప్పా!"

నేను ఆ మాట ఇన్నాళ్ళూ అనుకోలేదు. అనుకోలేదని రాస్తున్నాను గానీ అనుకున్నాను. మన కొండల్లో ఏనుగు ఉందంటే నవ్వుతారు. మబ్బు కళ్ళ లైన్‌మెన్ చెబితే ఇంకా నవ్వుతారు. అందుకే పెద్దది, పెద్దది అని రాసుకుంటూ వచ్చాను.

నయీం సాయిబు నవ్వలేదు. అడవి ఆఫీసుకు ఫోన్ చేశాడు. వాళ్ళూ నవ్వలేదు. కానీ కొండ మీద మంటలు లేచాయట, మనుషులంతా అక్కడే ఉన్నారట. సోమవారానికి వస్తామన్నారు. "అంతవరకూ దాని జోలికి ఎవ్వరినీ పోనియ్యొద్దు. మెత్తటి జీవమైనా అడవి జీవమే" అన్నాడు సాయిబు నాతో.

మార్చి 27, గురువారం

వివేక్‌కు ఫోన్‌లో కొలత చెప్పాను. తొమ్మిది అడుగులని చెప్పాను.

"గండి ఆంజనేయస్వామి పాదం గానీ కొలిచొచ్చినావా మామా?" అన్నాడు. కానీ పోయినసారి నవ్వినట్టు నవ్వలేదు. "పండగ కానీ, చూద్దాం" అన్నాడు.

మార్చి 29, శనివారం

వంకలో మడుగు ఎండిపోయింది. కాలితో తడిమితే పొడి ఇసుక.

ఆ చుట్టుపక్కల నీళ్ళున్న చోటు ఇక ఒక్కటే. వివేక్ తోట మధ్యలోని సిమెంటు తొట్టి. రెండు రోజులకోసారి తెల్లవారుజామున నీళ్ళకు వచ్చే జీవం అది. నిన్న వచ్చిపోయింది. అంటే రేపు వస్తుంది. రేపు ఉగాది. సోమవారం దాకా ఆగడం దానికి తెలియదు.

వివేక్ ఫోన్ ఎత్తలేదు. మూడుసార్లు చేశాను.

మార్చి 30, ఆదివారం, ఉగాది

ఇది మొత్తం రాయాలి. ఏదీ వదలకూడదు.

ఐదింటికి బండి తీశాను. తిరుపాలమ్మ వెనక కూర్చుంది. దారి చూడడానికి అని ఆమె అనలేదు, నేనూ అనలేదు. "వంపు వచ్చె," "గుంత వచ్చె" అంటూ వీపు మీద తడుతూ వచ్చింది. ఐదున్నర దాటాక పద్నాలుగో స్తంభం దగ్గర దిగాం. అప్పుడే తెల్లబడుతోంది.

ముందు నాకు నిట్టూర్పు వినపడింది. తిరుపాలమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"ఏమయ్యో," అంది, "నీ గుట్ట."

వంక దాటి తోట వైపు పోతోందట. కంచెకు ఇంకా వంద గజాలు ఉందట. కొక్కీ స్తంభం మీదే ఉంది, వైరులో కరెంటు సన్నగా జుమ్ముమంటోంది. నాకు చెవులు బాగా పనిచేస్తాయి.

కళ్ళున్న లైన్‌మెన్‌కు అది ఒక్క నిమిషం పని. ఎండు వెదురు గడతో కొక్కీ ఎగదోస్తే చాలు. గడ బండికే కట్టి ఉంది. పట్టుకుని స్తంభం కిందికి పోయాను. తలెత్తాను. వైర్లు మూడో నాలుగో నాకు తెలియలేదు. ఏది లైనో, ఏది కొక్కీయో తెలియలేదు. గడ ఎత్తాను, దించాను. మళ్ళీ ఎత్తాను. తప్పు వైరు తగిలించి రెండింటినీ కలిపితే తెగి మా మీదే పడుతుంది. కింద తిరుపాలమ్మ ఉంది.

గడ కింద పడేశాను. ముప్పై ఏళ్ళలో మొదటిసారి, నాకు కనపడదు అని లోపల అనుకున్నాను.

సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేశాను. డ్యూటీలో సుధారాణి ఉంది. మా పనిలో ఒక పద్ధతి ఉంది. లైను మీద పనికి ఎక్కేవాడు ముందు ఆపరేటర్‌ను లైన్ క్లియర్ అడగాలి. ఆపరేటర్ ఫీడరు ఆపి పుస్తకంలో వాడి పేరు రాస్తుంది. ఆ పేరుగలవాడు తన నోటితో పని అయిందని తిరిగి చెప్పేదాకా ఎవరు అరిచినా, ఎంత పెద్దవాడు చెప్పినా కరెంటు వదలకూడదు. ప్రాణం దాని మీద ఉంటుంది కాబట్టి.

"లైన్ క్లియర్ కావాల సుధమ్మా."

"ఉగాది పొద్దున ఏం పనన్నా? ఊరంతా ఓళిగలకు పప్పు రుబ్బుతాంటారు. నన్ను తిడతారు. ఏమైంది?"

కొమ్మ పడింది అనబోయాను. ఎన్నిసార్లో అన్న మాటే. నోరు రాలేదు.

"పనేం లేదమ్మా. స్తంభం ఎక్కడం లే. ఈడ కరెంటు కంచె ఉండాది. దాని మీదికి ఏనుగు పోతాంది. కొక్కీ పీకుదామంటే నాకు కండ్లు కనపడవు. శానా దినాల నుంచి కనపడవు. అందరికీ అబద్ధం చెప్పినా. నీకూ చెప్పినా."

అటువైపు పుస్తకం తెరిచిన చప్పుడు. తర్వాత గడియారం చూసిన గొంతుతో అంది, "ఐదు యాభై రెండు. ఆదినారాయణ పేరు మీద లైన్ క్లియర్ ఇచ్చినా. నువ్వే తిరిగియ్యాల."

ఆ జుమ్ము ఆగిపోయింది. నేను చెవులు రిక్కించి రెండోసారీ విన్నాను. ఆగిపోయింది.

"కంచె కాడికి వచ్చె," అంది తిరుపాలమ్మ. "ఆగె. ముక్కు చాపి వైరును వాసన చూస్తాంది..." నా చెయ్యి ఇంకా గట్టిగా నొక్కింది. "ఏం కాలే. ఏం కాలేదయ్యో."

టంగున వైరు తెగింది. తర్వాత ఆకుల చప్పుడు. తర్వాత నీళ్ళ చప్పుడు, పెద్ద బిందె ముంచినట్టు, ఆగి ఆగి. ఎంతసేపు తాగిందో! నా గొంతు కూడా చల్లబడింది.

అప్పుడే మోటర్‌సైకిల్ వచ్చి ఆగింది. వివేక్. పండక్కి మామిడాకులు, వేపపువ్వు కోసుకుపోదామని తోటకు వచ్చాడు. "కరెంటు ఎవరు తీసినారు మామా, ఊళ్ళో..." అని, మాట అక్కడే మింగేశాడు.

"మామా. అది ఏనుగు మామా."

"అవునప్పా."

"మామా, ఏనుగు!"

"నాకు సరిగ్గా కనపడదప్పా. ఎట్ల ఉండాదో చెప్పు."

వాడు నా పక్కకు వచ్చి నిలబడ్డాడు. చిన్నప్పుడు పాఠం అప్పజెప్పినట్టు మెల్లగా చెప్పాడు. "దంతం ఒగటే ఉండాది, కుడిది. చెవి అంచు చినిగింది. చాలా ముసిలిది మామా, దౌడలు పీక్కపోయినాయి. ఎనకకాలికి చుట్టూ మచ్చ ఉండాది, గొలుసు ఏసిన మచ్చ మాదిరి. చెట్ల సందున వస్తాంది. ఒక్క చెట్టును కూడా తగలకుండా వస్తాంది మామా. ఒళ్ళు పక్కకు తిప్పుకుని వస్తాంది." వాడు నా భుజం పట్టుకున్నాడు. "డ్రిప్పు పైపు ఒగటి తొక్కింది. పోనీలే."

అది వచ్చిన దారినే వెళ్ళి వంక దాటింది. ఈలోగా సుధారాణి రెండుసార్లు ఫోన్ చేసింది. సగం మండలం ఆమెను తిడుతోంది. "ఇంకా అయిపోలేదమ్మా" అంటే, "సరేన్నా, నువ్వు చెప్పేదాకా వదల్ను" అంది. వివేక్ నా గడ తీసుకుని కొక్కీ తనే ఎగదోశాడు. తర్వాత ఆరు ముప్పై ఎనిమిదికి తిరిగిచ్చాను.

వాడు మామిడాకులు మర్చిపోయి కంచె వైరు చుట్ట చుడుతూ కూర్చున్నాడు. మేం ఇంటికొచ్చేసరికి పదైంది. ఓళిగలు లేవు. ఉగాది పచ్చడి మాత్రం తిన్నాం. ఇంత మంచి ఉగాది నాకు గుర్తు లేదు.

మార్చి 31, సోమవారం

రంజాన్. నయీం సాయిబు కోడలు పాయసం తెచ్చిచ్చింది. సాయిబు నమాజు అయ్యాక కొత్త బట్టలతోనే వంక దాకా వచ్చి జాడ చూశాడు. అడవి ఆఫీసు వాళ్ళూ వచ్చారు. దూరం నుంచి కనిపెట్టుకుని ఉంటారట. "గొలుసు మచ్చ ఉందంటే ఎప్పుడో మనుషుల కాడ బతికినదేమో. యాడిదో, ఎట్ల వచ్చిందో అల్లాకు ఎరుక" అన్నాడు సాయిబు.

నేను ఉలిక్కిపడ్డాను. ఎందుకో రాయను. 19వ తారీఖున రాశాను కదా.

ఏప్రిల్ 2, బుధవారం

ట్రాన్స్‌ఫార్మర్ పని పడి లైన్ క్లియర్ అడిగాను. సుధారాణి ఇవ్వలేదు.

"ఇంగొకరిని పంపియ్యన్నా. నీ పేరు రాయను నేను. కండ్లు బాగు చేయించుకుని రా, పొద్దు పొద్దంతా రాస్తా."

కోపం వచ్చింది. ఆమెకు పని నేర్పింది నేను. ఫోన్ పెట్టేసి చాలాసేపు తిట్టాను. తిట్టడం అయ్యాక చూస్తే, ఆమె చేసింది నేను నేర్పిందే.

ఏప్రిల్ 9, బుధవారం

మా నాయన కన్ను సంగతి మళ్ళీ ఎత్తాను. తిరుపాలమ్మ ఈసారి ఊరుకోలేదు.

"మీ నాయన కన్ను ఆపరేషన్‌లో పోయిందా? నేను కొత్తగా కాపురానికి వచ్చినా అప్పుడు. నెల దినాలు దుమ్ములోకి పోవద్దన్నారు. మూడో దినమే కల్లంలో మిరపకాయలు తొక్కను పోయినాడు. కూలోళ్ళు సరిగ్గా తొక్కరంట! ఆ గోనెసంచుల్లో నిలబడి, ఆ చేత్తోనే కట్టు ఇప్పి కన్ను నలిపినాడు. సంచి నోరు పట్టుకున్నది ఎవరు?"

నేనే పట్టుకున్నాను. నాకు గుర్తుంది. గుర్తులేదని ఇన్నేళ్ళు నేను నాకు చెప్పుకున్నాను. ఆపరేషన్ మీద నెపం వేస్తే నాయన మీదా పడదు, నా మీదా పడదు.

"పోదాం పద," అన్నాను.

ఏప్రిల్ 15, మంగళవారం, ప్రొద్దుటూరు

కంటి శుక్లం అన్నారు. రెండు కళ్ళకూ ఉంది, కుడిది బాగా ముదిరిందట. అడిగిన అక్షరాల్లో పైన పెద్దది ఒక్కటే చెప్పాను. డాక్టరమ్మ, "ఏం పని చేస్తారు?" అంది. చెప్పాను. "ఈ కళ్ళతోనా?" అంది. తిరుపాలమ్మ నా వైపు చూడకుండా బయటికి చూసింది. రేపు ఆపరేషన్.

భయంగా ఉంది. చాలా భయంగా ఉంది.

ఏప్రిల్ 17, గురువారం

ఇది రాస్తాండేది తిరుపాలమ్మ. ఈయన చెప్తే రాస్తాండా. కన్ను బాగుండాది. కట్టు ఇప్పినారు. నన్ను చూసి "ఎప్పుడు ఇంత ముసిలిదానివైతివే" అన్నాడు. అది ఈయన రాయొద్దంటే కూడా రాస్తాండా.

ఏప్రిల్ 24, గురువారం, జమ్మలమడుగు

మా వదినె వాళ్ళింట్లో ఉన్నాం. దుమ్ములోకి పోనివ్వకుండా తిరుపాలమ్మ ఇక్కడ బందీ చేసింది. ప్రొద్దుటూరు పోతూ చూడని వాటిని వస్తూ చూశాను. ఎర్రగుంట్ల వైపు దూరంగా థర్మల్ పొగగొట్టాలు నిలబడి ఉంటే, వాటి మీది ఎర్రపట్టీలు బస్సులో అందరికీ వినపడేలా లెక్కపెట్టాను. ఎరుపు అంత ఎర్రగా ఉంటుందని మర్చిపోయాను. పట్టీల రంగు వెలిసిపోయిందని రాసుకున్నాను చూడు, ఆ మాటకు సిగ్గేసింది.

ఈ రోజు కళ్ళద్దాలు పెట్టుకుని ఈ నోటుబుక్కు మొదటి నుంచి చదివాను. నా రాత చూస్తే నవ్వొస్తుంది. ఒక లైను మీద ఇంకో లైను ఎక్కింది. కొన్ని చోట్ల కాగితం దాటి దుప్పటి మీదా రాసి ఉంటాను.

మార్చి 19. తారీఖు ఉంది. కింద ఏమీ లేదు. రెండు పేజీలు తెల్లగా ఉన్నాయి.

ఇంకు అయిపోయిన పెన్నుతో రెండు పేజీలు రాశాను.

కాగితం మీద వేలు పెట్టి చూశాను. గాట్లు ఉన్నాయి. గట్టిగా ఒత్తి రాసినట్టున్నాను. చదవడానికి రావు. ఎవరో దొంగ ఎత్తుకుపోయినట్టు అనిపించింది. తర్వాత అనుకున్నాను, అక్షరాలు పోతే పోయాయి, జరిగింది పోలేదు కదా.

ఏప్రిల్ 25, శుక్రవారం

మార్చి 19న జరిగింది ఇది.

మధ్యాహ్నం లైన్ క్లియర్ తీసుకుని పద్నాలుగో స్తంభం ఎక్కాను. పని అయింది. దిగుతుంటే హెల్మెట్ జారి వంకలో పడి దొర్లిపోయింది. నేను కిందికి దిగేసరికి ఎండ పూర్తిగా కమ్మేసింది. అంతా తెలుపు. వంకలో మోకాళ్ళ మీద పాకుతూ ఇసుక తడిమాను. రాళ్ళు దొరికాయి, ముళ్ళు దొరికాయి. హెల్మెట్ దొరకలేదు. పసుపుపచ్చ హెల్మెట్, తెల్లటి ఇసుక. పసిపిల్లాడైనా చూస్తాడు. ఎవరూ లేరు కదా అని బయటికే ఏడ్చాను. ఇక నేను పనికి రాను అని గట్టిగా అన్నాను.

అప్పుడు ఎవరో హెల్మెట్ నా చేతిలో పెట్టారు.

"థాంక్సప్పా," అన్నాను. "యాడ దొరికింది?"

జవాబు లేదు. గొర్రెలు కాసే మనిషనుకున్నాను. నా ఏడుపు విని సిగ్గుపడి మాట్లాడటం లేదేమో అనుకున్నాను. లేద్దామని చెయ్యి చాపాను. చేతికి తగిలింది చెయ్యి కాదు. గరుకుగా, వెచ్చగా, తడిగా ఉంది. మీద లావుపాటి వెంట్రుకలు ఉన్నాయి. దాంట్లోంచి ఊపిరి వచ్చి నా అరచేతిని తాకింది. చింతచిగురు వాసన, బురద వాసన.

నేను కదలలేదు. నా అరచేయి అంతా వాసన చూసింది. ముఖం మీది కన్నీళ్ళ దగ్గర ఒక్క క్షణం ఆగింది. తర్వాత చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది. సాయిబు గొలుసు మచ్చ మాట ఎత్తగానే నేను ఉలిక్కిపడింది ఇందుకే, మనుషుల చేతికి వస్తువు అందించడం ఎప్పుడో నేర్చిన జీవం అది.

దీన్ని ఎందుకు దాచానో ఇప్పుడు రాస్తాను. పిచ్చి అంటారని కాదు. చేతికి అందేంత దగ్గర నిలబడిన అంత పెద్ద జీవం నాకు కనపడలేదు. అది ఎవరికీ తెలియకూడదనుకున్నాను. నాక్కూడా.

దానికి మాత్రం తెలిసింది. తెలిసి, హెల్మెట్ ఇచ్చింది.

మే 26, సోమవారం

రెండో కన్ను కూడా అయింది. డాక్టరమ్మ సంతకం పెట్టిన కాగితం ఆఫీసులో ఇచ్చాను. ఈ రోజు డ్యూటీలో చేరాను. మొదటి పని గుట్టకిందపల్లె వైపే పడింది. పడేలా నేనే చూసుకున్నాను.

"వచ్చినావా అన్నా?" అంది సుధారాణి. "పది ఇరవై. ఆదినారాయణ పేరు మీద ఇచ్చినా." ఆ పేరు కాస్త గట్టిగా పలికింది.

పద్నాలుగో స్తంభం ఎక్కాను. పైనుంచి తోట చుట్టూ చూశాను. వైరు ఎక్కడా లేదు. వివేక్ ఇప్పుడు పందులకు రాత్రిళ్ళు డబ్బాలు మోగించే మనిషిని పెట్టాడు. వంక గట్టున, తోటకు బయట, కొత్త సిమెంటు తొట్టి కట్టించాడు. పైపులోంచి నీళ్ళు పడుతున్నాయి. నా మొలతాడు ముల్లుకంపకు చిక్కుకుని అక్కడే ఉంది. పైనుంచే కనపడింది, నల్లగా, ముడితో సహా.

ఎరుపు, పసుపు, నీలం మూడు పట్టీలూ చూసుకుని బిగించాను. పావుగంట పని.

తలెత్తి చూస్తే, అవతలి కొండ వాలులో చింతచెట్ల కింద అది నిలబడి ఉంది. దంతం ఒకటే. చెవి విసురుతోంది. మొదటిసారి దాన్ని నా కళ్ళతో మొత్తంగా చూశాను. బూడిద రంగు. ఇన్నాళ్ళూ ఆ మసక నా కంట్లోది అనుకున్నాను. కాదు, దాని రంగే అది.

హెల్మెట్ తీసి, బెల్టు మీద వెనక్కి ఆనుకుని, గట్టిగా అన్నాను: "థాంక్సప్పా!"

చెవులు ఆగాయి. తర్వాత మళ్ళీ విసురుకుంటూ మేతలో పడింది.

జేబులో ఫోన్ మోగింది. "పని అయిపోయిందా అన్నా? తిరిగిస్తాండావా?"

"ఇంగో ఐదు నిమిషాలమ్మా," అన్నాను.

పని ఎప్పుడో అయిపోయింది.